ఆయిల్ మార్చాక ప్రెషర్ ముల్లు సున్నా మీదే – రోటాక్స్ 912

గాలిపటం:
నిన్న సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టిన పని, ఇవాళ మధ్యాహ్నమైనా తెమలలేదు. రోటాక్స్ 912 యూఎల్ఎస్, చిన్న విమానాలకు బిగించే నూరు గుర్రాల ఇంజిన్. ఆయిల్, ఫిల్టర్ మార్చాను. అంతే, ఇంజిన్‌లో మరేదీ ముట్టుకోలేదు. ఇప్పుడు ఆయిల్ ప్రెషర్ గేజి ముల్లు సున్నా మీద పడుకుని లేవడం లేదు. స్టార్టర్‌తో అర నిమిషం చొప్పున ఐదారు సార్లు తిప్పాను, ఫలితం లేదు. ఒకసారి ధైర్యం చేసి స్టార్ట్ చేసి పది సెకన్లలోపే ఆపేశాను. సెన్సారు పోయిందేమోనని కొత్తది తెప్పించి బిగించాను, అదీ సున్నాయే చూపిస్తోంది. ప్రొపెల్లర్ చేత్తో తిప్పితే ట్యాంకులో గుటగుటమని రావలసిన చప్పుడు కూడా రావడం లేదు. నేను చూసిన వీడియోలో ఒకాయనకు పది పన్నెండు చుట్లకే వినిపించింది. నేను వంద తిప్పాను, భుజాలు పడిపోయాయి. మూడు లీటర్ల ఆయిల్ పోశాను, తక్కువేమీ లేదు. పంపు పోయినట్లేనా? ఆదివారం ఎగరాలి. తెలిసినవారు ఎవరైనా చెప్పండి.

తోకచక్రం:
ఎటు తిప్పారు?

గాలిపటం:
సరైన వైపేనండీ. గడియారం ముల్లు తిరిగే వైపు.

నూనెబొట్టు:
ముందు ఏ ఆయిల్ పోశారో చెప్పండి. సగం సమస్యలు అక్కడే మొదలవుతాయి. ఈ ఇంజిన్‌లో క్రాంకుషాఫ్టుకీ గేర్‌బాక్సుకీ ఒకటే ఆయిల్. మామూలు విమానపు ఇంజిన్లకు పోసే ఆయిల్‌లో గేర్ల పళ్లను కాపాడే రసాయనాలు ఉండవు, కాబట్టి అది పనికిరాదు. పోనీ కారు ఆయిల్ పోద్దామా అంటే, కొన్నింటిలో రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు. గేర్‌బాక్సు లోపల ఉన్న క్లచ్చి రాపిడి మీద ఆధారపడి పనిచేసేది, అది జారిపోతుంది. అందుకే మోటార్‌సైకిల్ తరహా ఆయిల్ వాడమంటారు. ఇంకో సంగతి. మీరు 100ఎల్ఎల్ అనే విమానాల పెట్రోలు వాడుతున్నారా? అందులో లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండవచ్చు. ‘ఎల్ఎల్’ అంటే ‘సీసం తక్కువ’ అని పేరే గానీ, తక్కువ అన్నది పాతకాలపు పెట్రోళ్లతో పోల్చి చెప్పిన మాట. ఆ సీసంలో కొంత బూడిద రంగు బురదగా మారి ఆయిల్ ట్యాంకు అడుగున చేరుతుంది. సీసం లేని పెట్రోలుతో 100 గంటలకు మార్చే ఆయిల్‌ను ఎక్కువగా దీనితోనే నడిపేవారు 50 గంటలకే మార్చాలి. ట్యాంకు విప్పి వేలితో అడుగున గీకి చూడండి, మీకే అర్థమవుతుంది.

గాలిపటం:
మంచి ఆయిలే అండీ. సమస్య ఆయిల్‌లో కాదు, ఆయిల్ పైకి రాకపోవడంలో ఉంది.

రెంచి:
అర నిమిషం చొప్పున స్టార్టర్ తిప్పారా! ఒక్కసారికి పది సెకన్లు, ఆ తరువాత రెండు నిమిషాలు చల్లారనివ్వాలి. మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. ఆయిల్ సంగతి తేలేలోపు స్టార్టర్ కాలిపోతే ఇక్కడ రెండు చర్చా దారాలు తెరవాల్సి వస్తుంది.

తోకచక్రం గారి ప్రశ్నకు మీరు జవాబివ్వలేదు. గడియారం ముల్లు వైపు అన్నారు. ఎవరి గడియారం? ముందు నుంచి చూసేవారిదా, వెనక నుంచి చూసేవారిదా?

పాతరెక్క:
ఇందులో వాదనేముంది? సీట్లో కూర్చుని చూస్తే ప్రొపెల్లర్ గడియారం దిశలోనే తిరుగుతుంది. ముప్పై ఏళ్లుగా అలాగే తిప్పుతున్నాను.

రెంచి:
మీ విమానానికి ఇంజిన్ ముక్కు మీద ఉంది కాబట్టి అలా కనిపిస్తుంది. రోటాక్స్ వారు చెప్పేది ప్రొపెల్లర్ బిగించే పళ్లేన్ని ఎదురుగా చూసినప్పటి దిశ, అది అపసవ్యం. సీటు ఎక్కడున్నా, ముక్కు ఎటున్నా ఆ మాట మారదు. ‘సీట్లోంచి చూస్తే’ అని నేర్పడం మానుకుంటే మంచిది.

పాతరెక్క:
అపసవ్యం, సవ్యం అంటే పూజ చేసినట్లుంది. కుడి, ఎడమ అని చెప్పండి.

రెంచి:
తిరిగే వస్తువుకు కుడి ఎడమలు ఉండవు. పైన ఉన్న రెక్క కుడికి పోతుంటే కింద ఉన్నది ఎడమకు పోతుంది.

లాగ్‌బుక్:
దిశ సంగతి మీరు తేల్చుకునేలోపు ఒక్క మాట. యజమాని తన విమానం మీద ఏ పని చేసుకోవచ్చు, ఏది చేసుకోకూడదు అన్నది ముందు చూసుకోవాలి. అమెరికా నిబంధనల్లో పార్ట్ 43 అనుబంధం ‘ఎ’లో ‘ప్రివెంటివ్ మెయింటెనెన్స్’ అని ఒక జాబితా ఉంది. టైర్లు మార్చడం, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేసి గ్యాప్ సరిచేయడం, బ్యాటరీ చూసుకోవడం వంటి పనులు పైలట్ లైసెన్సు ఉన్న యజమాని తానే చేసుకోవచ్చు. కానీ చేసిన పని, తేదీ, సంతకం, లైసెన్సు సంఖ్య లాగ్‌బుక్కులో రాయాలి. చాలామంది చేతులు తుడుచుకుని వెళ్లిపోతారు, పుస్తకం మాత్రం ఖాళీ. మీరు రాశారా?

రెంచి:
ఆయనది సొంతంగా కట్టుకున్న ఎక్స్‌పెరిమెంటల్ అయితే పార్ట్ 43 దాదాపుగా వర్తించదు.

లాగ్‌బుక్:
వర్తించకపోయినా ఏడాదికోసారి తనిఖీ తప్పదు, అప్పుడు చూసేది ఆ పుస్తకమే.

గాలిపటం:
నేను అమెరికాలో లేను. దయచేసి ఆయిల్ గురించి చెప్పండి.

దిశ గురించి. వీడియోలో ‘పైలట్ చూసే వైపు చూస్తూ గడియారం దిశ’ అన్నారు. నేను విమానం వెనక నిలబడి, పైలట్ చూసినట్లే ముందుకు చూస్తూ, గడియారం దిశలో తిప్పాను. ఇందులో తప్పేముంది?

తోకచక్రం:
విమానం వెనక నిలబడితే ప్రొపెల్లర్ చేతికి ఎలా అందింది?

గాలిపటం:
ఇంజిన్ వెనకే ఉంది కదా. నాది పుషర్. నా ప్రొఫైల్ చిత్రంలో కనిపిస్తూనే ఉంది.

తోకచక్రం:
చిత్రంలో సూర్యాస్తమయం కనిపిస్తోంది.

రెంచి:
దొరికింది. పుషర్‌లో మీరు వెనక నిలబడితే ప్రొపెల్లర్ పళ్లేన్ని ఎదురుగా చూస్తున్నట్లే లెక్క. అక్కడి నుంచి గడియారం దిశ అంటే పూర్తిగా వెనక్కి తిప్పినట్లు. వంద చుట్లు వెనక్కి! పంపు కూడా వెనక్కి తిరిగి, లోపలి దారుల్లో ఉన్న ఆయిల్‌ను లాగి ట్యాంకు వైపు తోసింది, ఆ ఖాళీలో గాలి చేరింది. అనుమానం వస్తే ఎవరి మాటా నమ్మనక్కర్లేదు. ఇగ్నిషన్ స్విచ్చులు రెండూ ఆపి, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, స్టార్టర్‌ను ఒక్క క్షణం నొక్కి ఎటు తిరుగుతుందో చూడండి. అదే సరైన వైపు.

గాలిపటం:
చూశాను. మీరన్నట్లే ఉంది, నేను తిప్పినదానికి ఎదురు. కానీ ఒక్కటి అర్థం కాలేదు. స్టార్టర్‌తో తిప్పినప్పుడు సరైన వైపే తిరిగిందిగా, ఐదారు సార్లు. మరి అప్పుడైనా ప్రెషర్ ఎందుకు రాలేదు? పైగా చేత్తో తిప్పింది ఆ తరువాత.

రెంచి:
ఈ దారంలో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నలన్నిటిలోకీ ఇదే మంచిది. ఉత్త ఆయిల్, ఫిల్టర్ మార్పిడికి గొట్టాల్లోని ఆయిల్ అలాగే ఉంటుంది, పంపు ఎండిపోదు. ఇంకేం తెరిచారు? జ్ఞాపకం చేసుకుని చెప్పండి.

గాలిపటం:
ఏమీ తెరవలేదండీ. అయిదేళ్లు నిండాయి కాబట్టి రబ్బరు గొట్టాలు ఎలాగూ మార్చాలి, అవి మార్చాను. ఆయిల్ కూలర్ కూడా విప్పి కడిగి బిగించాను. అది మామూలే కదా.

తోకచక్రం:
‘అంతే, ఇంజిన్‌లో మరేదీ ముట్టుకోలేదు.’

గాలిపటం:
గొట్టాలు ఇంజిన్ కాదుగా!

పాతరెక్క:
గొట్టాలు ఇంజిన్‌లో భాగమా కాదా అన్నది ఆసక్తికరమైన ప్రశ్నే. నా లెక్కలో ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజిన్‌నూ మనుషులనూ వేరుచేసే అడ్డుగోడకు, ముందున్నదంతా ఇంజినే.

తోకచక్రం:
పుషర్‌లో ఫైర్‌వాల్‌కు వెనక.

రెంచి:
అది తరువాత తేల్చుకోవచ్చు. గాలిపటం గారూ, ఈ ఇంజిన్‌లో ఆయిల్ అడుగున తొట్టెలో ఉండదు, విడిగా ట్యాంకులో ఉంటుంది. పంపు ఆ ట్యాంకు నుంచి, మధ్యలో కూలర్ గుండా, ఆయిల్‌ను లాక్కోవాలి. మీరు గొట్టాలూ కూలరూ ఖాళీ చేశారు కాబట్టి పంపుకు అందేది ఉత్త గాలి. గాలిని లాగడంలో ఈ పంపు దిట్ట కాదు. ఆ ఖాళీ గొట్టాలతో స్టార్టర్ ఎంత తిప్పినా అందలేదు. చివర్లో మీరు చేత్తో వంద చుట్లు వెనక్కి తిప్పి, వచ్చిన కాస్తనూ వెనక్కి పంపేశారు.

పద్ధతి ఇది. స్విచ్చులు ఆపు చేయండి. ప్రతి సిలిండర్‌కూ ఒక స్పార్క్ ప్లగ్గు తీసేయండి, చేతికి బరువు తగ్గుతుంది. ఇంజిన్ నుంచి ట్యాంకుకు తిరిగి వచ్చే గొట్టాన్ని ట్యాంకు దగ్గర ఊడదీసి, చివరను ఇంజిన్ కంటే కిందుగా ఒక డబ్బాలో పెట్టండి. ట్యాంకు మీద ఆ రంధ్రాన్ని మూసేయండి. ట్యాంకు ఊపిరి గొట్టం ద్వారా కంప్రెసర్ గాలి ఎక్కించండి, పీడనం 1 బార్ మించకూడదు. ఆ గాలి ఆయిల్‌ను పంపు దాకా నెడుతుంది. ఇప్పుడు ప్రొపెల్లర్‌ను సరైన వైపు (మీకైతే వెనక నిలబడి, గడియారానికి ఎదురు) గేజి ముల్లు కదిలే వరకూ తిప్పండి. ఇరవై చుట్లకు రావచ్చు, కొన్ని విమానాల్లో అరవై దాకా పడుతుంది. మధ్యలో ట్యాంకు ఖాళీ కాకుండా చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, గాలి పూర్తిగా వదిలేశాకే ట్యాంకు మూత తీయండి. లేకపోతే ఆ ఆయిల్ అంతా మీ ముఖాన ఉంటుంది. నా పాత చొక్కా ఒకటి అలాగే పోయింది.

పాతరెక్క:
అంత హంగామా ఎందుకు? గుటగుట వచ్చేదాకా సరైన వైపు తిప్పితే చాలు.

రెంచి:
గుటగుట వేరు, ఇది వేరు. రెండింటినీ కలిపేయడం వల్లే ఈ తిప్పలు. గుటగుట అన్నది ఆయిల్ మట్టం చూసుకోవడానికి. ఈ ఇంజిన్‌లో ఆయిల్‌ను ట్యాంకుకు తిరిగి పంపడానికి విడిగా పంపు లేదు. పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి జారిన వాయువు పీడనమే ఆయిల్‌ను వెనక్కి నెడుతుంది. లోపలి ఆయిలంతా ట్యాంకు చేరాక ఆ వాయువు కూడా వెంట వస్తుంది, అదే ఆ చప్పుడు. దానికి ప్లగ్గులు బిగించే ఉండాలి. పంపుకు ఆయిల్ అందించడానికి ప్లగ్గులు తీయాలి. ఒకటి పోయే దారి, ఇంకొకటి వచ్చే దారి.

పాతరెక్క:
నేను రెండింటినీ ‘గాలి తీయడం’ అనే అంటాను. ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు.

రెంచి:
మీరు గొట్టాలు మార్చి ఉండరు.

పాతరెక్క:
అది వేరే సంగతి.

తోకచక్రం:
గొట్టాల బిగింపు పట్టీలు చూడండి.

గాలిపటం:
చూశాను, ఒక్క చుక్క కూడా కారడం లేదు.

రెంచి:
పంపు లాక్కునే వైపు గొట్టం నమ్మించి మోసం చేస్తుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అక్కడ ఆయిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. కారడం లేదు కదా అని నిశ్చింతగా ఉండకండి. ట్యాంకు నుంచి కూలర్‌కు, కూలర్ నుంచి పంపుకు ఉన్న పట్టీలన్నీ స్క్రూడ్రైవర్ పెట్టి మరోసారి చూడండి. ట్యాంకులో గాలి ఎక్కించినప్పుడు ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే దొంగ అక్కడే ఉన్నాడు.

నూనెబొట్టు:
తీసేసిన ఫిల్టర్ పారేయకండి. కోసి, మడతల కాగితం విప్పి, వెలుతురులో పరిచి చూడాలి. ఇనుప రజను ఉందా, ఇత్తడి రంగు తళుకు ఉందా అన్నది అదొక్కటే చెబుతుంది. అయస్కాంతపు ప్లగ్గు మీద సన్నని నల్లటి బురద ఉంటే ఫరవాలేదు, పలుకులుగా ఉంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

లాగ్‌బుక్:
పాత ఫిల్టర్ కోసి చూసిన సంగతి కూడా పుస్తకంలో రాయాలి.

గాలిపటం:
ముప్పై ఎనిమిదో చుట్టుకు ముల్లు కదిలింది! కూలర్ దగ్గర ఒక పట్టీ వదులుగా ఉంది, బిగించాను. ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేస్తే మూడు సెకన్లలో 4 బార్. కాస్త వేడెక్కాక నిమిషానికి 3500 చుట్లు దాటించి చూశాను, 3 దగ్గర నిలకడగా ఉంది. ధన్యవాదాలు అందరికీ.

రెంచి:
2 నుంచి 5 మధ్య ఉండాలి, కాబట్టి బాగుంది. కానీ ఆగండి. వంద చుట్లు వెనక్కి తిప్పారు కాబట్టి వాల్వుల హైడ్రాలిక్ ట్యాపెట్లలో (లోపల ఆయిల్ నింపుకుని వాల్వుల సందు సరిచేసే భాగాల్లో) కూడా గాలి చేరి ఉండవచ్చు. రాకర్ మూతలు తీసి, ఒక్కో రాకర్‌ను పుష్‌రాడ్ వైపు బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. రాయిలా నిలబడాలి. అర మిల్లీమీటరు కంటే ఎక్కువ మెత్తగా దిగితే గాలి ఉన్నట్లే. అది చూడకుండా ఎగరకండి. చూశారా?

రెంచి:
గాలిపటం గారూ, ట్యాపెట్లు చూశారా?

తోకచక్రం:
ఇవాళ ఆదివారం.

నూనెబొట్టు:
ఇంతకీ ఏ ఆయిల్ పోశారో చెప్పనేలేదు.