పాత సీలింగ్ ఫ్యాన్ తీసేసి బీఎల్‌డీసీ పెట్టించాలా? వాడినవాళ్లు చెప్పండి

కృష్ణలంక_96
విజయవాడలో మాది 1996లో కట్టిన ఇల్లు. పడకగది పది బై పన్నెండు. ఫ్యాన్ ఐదులో పెట్టినా గాలి మంచం దాకా రావట్లేదు. అమ్మకి రాత్రిళ్లు నిద్ర ఉండట్లేదు. తక్కువ కరెంటుతో తిరిగే బ్రష్‌లెస్ మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాన్ అడిగితే మామూలు దానికి దాదాపు రెట్టింపు చెబుతున్నారు. అంత పెట్టొచ్చా?

పెరటి_జామచెట్టు
ముందు కండెన్సర్ మార్పించి చూడండి. ఎక్కువ ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, వంద రూపాయల్లో పని అయిపోతుంది.

కాజీపేట_క్వార్టర్స్
మా ఇంట్లో రెండేళ్లుగా మూడున్నాయి. పాతది 75 వాట్లు, ఇది 32. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద నెలకు 19 యూనిట్లు మిగులుతాయి. సాయంత్రం ఓల్టేజీ పడిపోయినా స్పీడు తగ్గదు. ఒక్క మాట, గోడ మీది రెగ్యులేటర్ తీయించి స్విచ్ నుంచి నేరుగా ఇవ్వాలి.

2023 జనవరి నుంచి ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి. కానీ ఐదు స్టార్లంటే గాలి ఎక్కువని కాదు, ఒక్కో వాట్‌కి ఎంత గాలి ఇస్తుందన్నదే ఆ లెక్క. డబ్బా మీద ఎయిర్ డెలివరీ చూడండి. 1200 ఎంఎం ఫ్యాన్‌కి నిమిషానికి 220 ఘనపు మీటర్ల పైన ఉంటే మీ గదికి చాలు.

కృష్ణలంక_96
కండెన్సర్ మార్చాం. స్పీడు కొంచెం పెరిగింది కానీ బేరింగ్ గరగరమంటోంది. కొత్తదే తీసుకుంటాం.

రేపల్లె_అమ్మాయి
అన్నయ్యా, ఫ్యాన్ ఏదైనా కొనండి, హుక్ చూడకుండా మాత్రం బిగించనివ్వకండి. మా నాన్నగారింట్లో పాతది దించినప్పుడు పై గిన్నె జరిపి చూస్తే స్లాబులోంచి వచ్చిన చువ్వ తుప్పు పట్టిపోయి ఉంది. వేలితో రుద్దితే పొరలు పొరలుగా రాలింది. రబ్బరు బుష్ అరిగిపోయి, బోల్టు ఒకవైపు సగం కోసుకుపోయింది. సరిగ్గా దాని కిందే మా పాప మంచం. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. తర్వాత జానెడు పక్కన డ్రిల్ వేయించి యాంకర్ ఫాస్టెనర్‌తో కొత్త హుక్ పెట్టించాం. బోల్టుకి స్ప్లిట్ పిన్ వేసి రెండు కాళ్లూ విడదీసి వంచారా లేదా మీరే ఎక్కి చూడండి. సేఫ్టీ వైరు డబ్బాలోనే వస్తుంది, చాలామంది వేయకుండా పక్కన పడేస్తారు.

కాజీపేట_క్వార్టర్స్
నిజం. ఇంకోటి, బిగించేటప్పుడు ఫ్యాన్‌ని రెక్క పట్టుకుని ఎత్తనివ్వొద్దు. ఒక్క రెక్క కాస్త వంగినా ఊగుతుంది. రెక్కలు నేల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తులో ఉండేలా రాడ్ చూసుకోండి.

కృష్ణలంక_96
ఇవాళ బిగించారు. హుక్ గట్టిగానే ఉంది, బోల్టు మాత్రం అరిగిపోయింది. కొత్తది వేయించాను. పిన్ కాళ్లు టార్చి వేసి చూశాను చెల్లీ, సేఫ్టీ వైరు కూడా కట్టించాను. అమ్మ మధ్యాహ్నం రెండు గంటలు కదలకుండా పడుకుంది.