సూర్యచేప వద్దు, ఇసుర్రాయి చేప అందాం

ఓషన్ సన్‌ఫిష్ అనే భారీ సముద్రపు చేపను తెలుగులో ఏమనాలని మొన్న ఒకరు అడిగితే ఎక్కువమంది 'సూర్యచేప' అన్నారు. నాకు ఆ మాట మనసుకు పట్టలేదు.

మా చెల్లెలి కొడుకు పోయిన జులైలో అజోర్స్ దీవులకు పోయి, ప్రిన్సెస్ ఆలిస్ బ్యాంక్ దగ్గర డైవింగ్ చేశాడు. అది అట్లాంటిక్‌లో మునిగి ఉన్న గుట్ట. దాని కొన కూడా నీటికి సుమారు 35 మీటర్ల అడుగున ఉంటుంది. (సీమౌంట్‌కు 'సాగర పర్వతం' ఎందుకు, మునిగిన గుట్ట అంటే చాలదా?) వాడు తాడు పట్టుకుని పైకి వస్తుంటే ఈ చేప పక్కకొచ్చి నిలబడిందంట. బూడిద రంగు, పలక మాదిరి ఒళ్లు, తోక ఉండాల్సిన చోట కోసేసినట్టు మొండి అంచు. పైనొక రెక్క, కిందొక రెక్క, రెండూ ఒకేసారి ఒకే పక్కకు ఊపుతా, కన్ను మెల్లగా తిప్పి వాడిని చూసిందంట.

ఆ ఫొటో తాడిపత్రిలో మా అమ్మకు చూపిస్తే, "ఇదేందిరా, ఇసుర్రాయి మాదిరుండాది" అనింది. నాకు ఒళ్లు జలదరించింది. 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన శాస్త్రవేత్త లిన్నేయస్ దీని శాస్త్రీయ నామంలో పెట్టిన 'మోలా' అనే లాటిన్ మాటకు అర్థం అదే, తిరగలి రాయి!

సన్‌ఫిష్ అనే పేరు, అది నీటిపైన పక్కకు వాలి ఎండ కాచుకుంటుందని వచ్చింది. అదే చేపను ఫ్రెంచి, స్పానిష్, జర్మన్ వాళ్లు చంద్రుడి చేప అంటారు. మనం ఇంగ్లీషు వాళ్ల చూపునే ఎందుకు అరువు తెచ్చుకోవాలి? సన్‌ఫ్లవర్‌ను మన రైతులు సూర్యపువ్వు అనలేదు. అది చేసే పని చూసి పొద్దుతిరుగుడు అన్నారు. కర్నూలు, అనంతపురం చేలల్లో ఆ మాట ఎంత సహజంగా నాటుకుందో చూడండి.

కోస్తా వాళ్లు 'తిరగలి చేప' అన్నా తప్పులేదు. కానీ మన ఇసుర్రాయి, అంటే విసురు రాయి, అనే మాటలో ఇంకో అందం ఉంది. రాగులు విసురుతాం, విసనకర్రతో విసురుకుంటాం, గాలీ విసురుతుంది. ఈ చేప ఈదేదీ రెక్కలు విసురుకుంటూనే. ఆకారం, నడక రెండూ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. బరువూ సరిపోతుంది: ఆ అజోర్స్‌లోనే ఫయాల్ అనే దీవి దగ్గర 2021లో దొరికిన దీని దగ్గరి జాతి చేప 2,744 కిలోలు తూగింది.

మా వాడు ఫొటో కింద పేరు మార్చేశాడు.