లంకల్లో షేర్ ఆటోలు కరెంటుకి మారాలా? ముందు బండా, ముందు లైనా?

వశిష్ఠగట్టు
కోనసీమ లంకల్లో (గోదావరి పాయల మధ్య దీవుల్లో) తిరిగే డీజిల్ షేర్ ఆటోల స్థానంలో ఇప్పుడే ఎలక్ట్రిక్ ఆటోలు కొనాలా, ఇంకో రెండు మూడేళ్లు ఆగాలా? నా మాట మాత్రం ఆగక్కర్లేదనే.

లెక్క చూడండి. జనంతో నిండిన డీజిల్ ఆటో లంక రోడ్ల మీద లీటరుకి 28, 30 కిలోమీటర్లు ఇస్తుంది. వంద కిలోమీటర్లకి మూడున్నర లీటర్లు, అంటే 340 రూపాయల దాకా. లిథియం బ్యాటరీ ఆటోకి అదే దూరానికి, చార్జర్‌లో పోయేది కూడా కలిపి, మీటరు మీద 8 యూనిట్లు తిరుగుతాయి. యూనిట్ 7 రూపాయలేసుకున్నా 56. రోజుకి 80 కిలోమీటర్లు తిరిగితే 225 రూపాయలు మిగులు. నెలకి పాతిక రోజులు తిప్పితే 5,600. కిస్తీలో చాలా భాగం దాంతోనే తీరిపోతుంది. ఇంజిన్ ఆయిలు, క్లచ్ ప్లేట్ల ఖర్చు ఉండదు. 2018 అక్టోబరు నుంచి బ్యాటరీ బళ్లకి పర్మిట్ కూడా అక్కర్లేదు.

పైగా రేవు నుంచి ఊళ్లోకి నాలుగైదు కిలోమీటర్లే. ఎలక్ట్రిక్ బండికి ఇంతకంటే అనువైన దారి ఎక్కడుంది?

స్తంభం_కింద
లెక్కలో 7 రూపాయలేశారు కానీ, ఇంటి మీటరు మీద చార్జింగ్ పెడితే ఆ రేటు నిలబడదండి. ఏపీలో ఇళ్ల స్లాబులు 126 నుంచి 225 యూనిట్ల దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆ పైన 9.75. మీ ఆటోకి నెలకి 160 యూనిట్లు కావాలి. ఇంట్లో ఇప్పటికే 200 కాలుతుంటే ఆ 160లో 135 యూనిట్లు 8.75 స్లాబులో పడతాయి. సగటు 8.30 దాటుతుంది, ట్రూఅప్ (పాత ఖర్చుల సర్దుబాటు) చార్జీ అదనం. ఇంట్లో 120 లోపు వాడేవాళ్లకైతే మీ 7 సరిపోతుంది. మిగతావాళ్లు ఈవీ చార్జింగ్ కేటగిరీలో విడిగా మీటరు పెట్టించుకోవాలి, అక్కడ యూనిట్ 6.70. ఇంటి మీటరు మీదే రెండో ఆటో కూడా పెడితే 400 దాటడం ఖాయం.

డబ్బు సంగతి అలా ఉంచి, నా అసలు భయం వోల్టేజీ. లంకలో లైను చివరి స్తంభం దగ్గర, ఎండాకాలం సాయంత్రం, అన్ని ఇళ్లలో ఫ్యాన్లూ ఫ్రిజ్‌లూ నడుస్తుంటే 230 వోల్టులు రావాల్సిన చోట 180కి కూడా పడిపోతుంది. 3 కిలోవాట్ల చార్జర్ 230 దగ్గర 14 ఆంప్స్ తీసుకుంటుంది. 180 దగ్గర అదే పనికి 18 లాగుతుంది. గోడకున్నది 16 ఆంప్స్ సాకెట్. గంటలకొద్దీ అలా లాగితే ముందు ప్లగ్గు పిన్ను నల్లబడుతుంది, తర్వాత సాకెట్ కరుగుతుంది. లేదంటే చార్జరే తక్కువ వోల్టేజీకి ఆగిపోతుంది. తెల్లారి చూస్తే బ్యాటరీ సగమే ఉంటుంది, ఆ రోజు కిరాయి పోయినట్టే.

ఊరికి ఉన్నది 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే అనుకోండి. ఆరు ఆటోలు ఏడింటికి వచ్చి ఒకేసారి ప్లగ్గు పెడితే వాటికే 18 కిలోవాట్లు. ముందు లైను బాగుచేయాలి, తర్వాతే బళ్లు.

రేవుమెకానిక్
లైను సంగతి ఒప్పుకుంటాను. కానీ లంకల్లో ఎలక్ట్రిక్ బండికి చెడ్డపేరు తెచ్చింది లైను కాదు, చవకగా వస్తున్నాయని కొన్న లెడ్ యాసిడ్ ఈ-రిక్షాలు. 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు, ఒక్కొక్కటి 130 ఆంపియర్-అవర్. కాగితం మీద 6 యూనిట్లు. నిజంగా వాడుకోవాల్సింది అందులో సగమే. అంతకంటే కిందికి దించితే ఏడాదిలోపే పోతాయి. నాలుగూ కలిపి 150 కిలోల బరువు, అది మోయడానికే కొంత చార్జి పోతుంది.

నాలుగూ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి బలహీనమైనది ముందు దిగిపోతుంది. అప్పుడు ఆ ఒక్కదాన్ని మార్చి కొత్తది వేయిస్తారు. పాత మూడూ కలిసి ఆ కొత్తదాన్ని నాలుగు నెలల్లో తమ స్థాయికి తెచ్చేస్తాయి. మారిస్తే నాలుగూ మార్చాలి, లేదా అదే వయసు బ్యాటరీ వెతకాలి.

నీళ్ల విషయం మరీ ముఖ్యం. వారానికో, పది రోజులకో మూతలు తీసి ప్లేట్ల పైన అర అంగుళం నిలిచేలా డిస్టిల్డ్ వాటరే పోయాలి. సముద్రం దగ్గరి లంకల్లో బోరు నీళ్లు ఉప్పన, అందుకని కొందరు ఆర్వో ప్లాంటు నీళ్లు పోస్తారు. అవి తాగడానికి మంచివే గానీ వాటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి, ప్లేట్లు తెల్లగా పూతపడతాయి. చార్జి నిండాక పోయాలి, ముందే పోస్తే పొంగి యాసిడ్ ట్రేలోకి దిగుతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ప్యాక్‌తో ఈ బాధలేవీ లేవు. అయితే ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుం పడతాయి. మూడు నెలలకోసారి మోటారు కేబుల్ లగ్గులు (తీగ చివర బిగించే ముక్కలు) విప్పి, పచ్చగా పట్టినదంతా గీకి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయాలి. విప్పే ముందు ప్యాక్ మెయిన్ ప్లగ్గు తీసేయండి.

గౌతమిపాయ
వరద మాట ఎవరూ ఎత్తలేదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంత దాకా పోకముందే కాజ్‌వేలు మునుగుతాయి, లంకలో నీళ్లు చేరితే కరెంటు ఆపేస్తారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు లంకలన్నీ నీళ్లలోనే ఉన్నాయి. డీజిల్ అయితే డబ్బాల్లో పడవ మీద తెచ్చుకోవచ్చు. కరెంటు ఎలా తెస్తారు?

సోలార్ పెట్టుకుంటాం అనేవాళ్లకి ఒక మాట. సబ్సిడీ మీద పెట్టే మామూలు 3 కిలోవాట్ల ప్లాంటు రోజుకి 12 యూనిట్లు ఇస్తుంది, ఆటోకి చాలు. కానీ అది లైనుకి కట్టిన ఇన్వర్టర్. లైన్లో కరెంటు పోయిన క్షణం ఎండ మండిపోతున్నా అదీ ఆగిపోతుంది, స్తంభం మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకూడదని. వరదలో పనికిరావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరే కావాలి.

బండి నీళ్లలో దిగడం ఇంకో సంగతి. ప్యాక్ మీద ఐపీ67 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందనే అర్థం. చార్జింగ్ సాకెట్‌కి, యాక్సిలరేటర్ కనెక్టర్‌కి ఆ రక్షణ ఉంటుందని అనుకోవద్దు. మునిగిన బండికి తాళం తిప్పొద్దు, చార్జింగ్ అసలు పెట్టొద్దు.

అద్దరి
నా ఉద్దేశంలో ఆటోల కంటే ముందు పంట్లు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవలు) మారాలి. నరసాపురం-సఖినేటిపల్లి, కోటిపల్లి-ముక్తేశ్వరం రేవుల్లో రోజంతా ఒకే దారి, ఒకే దూరం. కేరళలో వైకం-తవణక్కడవు మధ్య 2017 జనవరి నుంచి 75 మంది పట్టే సోలార్ బోటు నడుస్తోంది. బ్యాటరీ 50 యూనిట్లే, పైకప్పు మీద 20 కిలోవాట్ల పలకలు.

రేవుమెకానిక్
@అద్దరి గారూ, అది అడుగున రెండు దోనెలు జతచేసినట్టుండే, ఫైబర్‌తో చేసిన తేలికపాటి బోటు, మోసేది మనుషుల్నే. మన పంటు ఇనుము, దాని మీద కార్లూ అరటి గెలల వ్యానులూ. చిన్న ఇంజిన్‌లో లీటరు డీజిల్ నుంచి ప్రొపెల్లర్‌కి దక్కేది సుమారు 3 యూనిట్ల పని. రోజుకి 30 లీటర్లు తాగే పంటుకి 90 యూనిట్లు కావాలి, బ్యాటరీని అడుగంటా దించకూడదు కాబట్టి 110 పెట్టాలి. నది తగ్గినప్పుడు ఇసుక మేటలు తిప్పుకు పోవాలి, ఏరు పెరిగితే రేవే జరుగుతుంది. చార్జింగ్ పాయింటు ఎక్కడ పాతుతారు? మనుషులు మాత్రమే ఎక్కే చిన్న పడవలతో మొదలుపెడితే మీ మాట నిలుస్తుంది.

వశిష్ఠగట్టు
వరద రోజులకి ఊళ్లో రెండు డీజిల్ బళ్లు ఉండాలన్నది ఒప్పుకుంటున్నాను. స్లాబు లెక్క నాదే తప్పు. కానీ లైను బాగయ్యేదాకా ఆగమనడం ఒప్పుకోను. లోడు లేనిచోట కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఎవరూ వేయరు. బళ్లు వస్తేనే దరఖాస్తుకి బలం. అందాకా రాత్రి 11 తర్వాత వంతులవారీగా పెట్టుకుందాం. ఆ వేళకి వోల్టేజీ లేస్తుంది.

స్తంభం_కింద
వంతులకి నేనూ సరే. అయితే బుక్ చేసే ముందు ఒక పని చేయండి. వారం పాటు రాత్రి 8కీ 12కీ సాకెట్ దగ్గర మల్టీమీటర్‌తో కొలిచి రాసుకోండి. 12కి కూడా 200 లోపే ఉంటే అక్కడ 3 కిలోవాట్ల చార్జర్ వద్దు, ఒకటిన్నర కిలోవాట్లది అడగండి. మీటరు నుంచి పాక దాకా 50 మీటర్లుంటే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగండి, 15 ఆంప్స్‌కి 7 వోల్టులే పోతాయి. అదే మందం అల్యూమినియం అయితే 11 పోతాయి. 20 ఆంప్స్ ఎంసీబీ (ఎక్కువ కరెంటు లాగితే పడిపోయే స్విచ్), 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసేది), గోడకి 16 బదులు 32 ఆంప్స్ ఇండస్ట్రియల్ సాకెట్. లంక ఇసుకలో ఎర్త్ సరిగా దిగదు, పైపు తడి తగిలేదాకా దింపాలి.

మొదటి రోజు అరగంట చార్జి అయ్యాక స్విచ్ ఆపి ప్లగ్గు పట్టుకుని చూడండి. చెయ్యి నిలపలేనంత వేడిగా ఉంటే ఆ రాత్రి ఇక పెట్టకండి.