నులిపురుగుల బిళ్ళ: కెన్యాలో జరిగిన ఒక్క పరిశోధనను నమ్మి పిల్లలందరికీ వేయవచ్చా?

తమ్మిలేరు:
ఫిబ్రవరి 10న మా బడిలో నులిపురుగుల బిళ్ళలు వేశాం. 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్. పిల్లలు మా ఎదుటే నమిలి మింగాలి. ఆరో తరగతి పాప ఒకతె బిళ్ళను బుగ్గన పెట్టుకుని అలాగే నిలబడింది. ఏమ్మా అంటే, "మా అమ్మ వద్దంది సార్" అని బయటికి తీసి నా చేతిలో పెట్టేసింది. సాయంత్రం ఆ తల్లే వచ్చింది. "పురుగులున్నాయో లేదో చూడకుండా అందరికీ మందేంటి సార్?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. ఇంటికెళ్ళి చదవడం మొదలుపెట్టాను.

ఎటు తిరిగి చదివినా పడమటి కెన్యాలోని బుసియా జిల్లా దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. 1998లో అక్కడ 75 ప్రాథమిక బడులను 25 చొప్పున మూడు జట్లు చేశారు. పిల్లలు 30 వేల పైమాటే. మొదటి జట్టుకు 1998 నుంచి, రెండో జట్టుకు 1999 నుంచి, మూడో జట్టుకు 2001 నుంచి మందులిచ్చారు. మందు అందిన బడులను ఇంకా అందని బడులతో పోల్చి ఎడ్వర్డ్ మిగెల్, మైకేల్ క్రెమర్ అనే ఆర్థికవేత్తలు 2004లో వ్యాసం ప్రచురించారు. బడి మానడం పావు వంతు తగ్గిందనీ, పురుగులు వ్యాపించడం తగ్గి మందు మింగని పిల్లలకూ, చుట్టుపక్కల బడుల వాళ్ళకూ మేలు జరిగిందనీ తేల్చారు. 2015లో దీని మీద పెద్ద వివాదమే నడిచింది. ఇంతకీ ఇది నమ్మదగ్గదేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కలమనిషి:
మాస్టారూ, నేను గణాంకశాస్త్రం చదువుకున్నవాణ్ణి. ఆ ఒక్క పరిశోధన మీద ఇంత భారం మోపకూడదంటాను.

మొదటిది, బడులను లాటరీ తీసి పంచలేదు. పేర్లను అక్షరక్రమంలో రాసుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోయారు. రెండోది, పోల్చడానికి మందు లేని ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చిన జట్టు లేదు. మందు ఎవరికి అందుతోందో టీచర్లకూ తెలుసు, పిల్లలకూ తెలుసు. అలాంటప్పుడు హాజరు పెరగడానికి ఆ హడావిడి కూడా కారణం కావచ్చు. మూడోది, 2015లో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ పరిశోధకులు అదే డేటాతో మళ్ళీ లెక్క కడితే కంప్యూటర్ ప్రోగ్రాంలో తప్పులు బయటపడ్డాయి. మూడు నుంచి ఆరు కిలోమీటర్ల దూరంలోని బడులకు కూడా మేలు జరిగిందన్న మాట ఆ దిద్దుబాటుతో నిలబడలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, పరీక్ష మార్కులు పెరగలేదు. ఇది ఆ వ్యాసంలోనే ఉంది. బడికి వచ్చారు సరే, వచ్చి ఏం నేర్చుకున్నట్టు?

మన దేశం సంగతి కూడా చూడండి. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది చిన్నపిల్లలతో ఐదేళ్ళు ఒక ప్రయోగం జరిగింది, ఫలితాలు 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఆర్నెల్లకోసారి ఆల్బెండజోల్ ఇచ్చినా మరణాల్లో, బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే సంస్థ) సమీక్ష కూడా, ఊరంతా మందు పంచినందువల్ల పిల్లల సగటు బరువు, రక్తం, చదువు మెరుగుపడ్డాయనడానికి గట్టి ఆధారం లేదంది.

పీహెచ్‌సీ డాక్టరమ్మ:
లెక్కలమనిషి గారూ, మీరు చెప్పినవి నిజమే. కానీ ఉత్తరప్రదేశ్‌నూ బుసియానూ ఒకే తక్కెడలో వేయకండి. బుసియాలో మొదట పరీక్ష చేసినప్పుడు నూటికి 92 మంది పిల్లల్లో ఏదో ఒక రకం పురుగు ఉంది. ఉత్తరప్రదేశ్‌లో తాము చూసిన పిల్లల్లో ఇన్ఫెక్షన్ తక్కువ స్థాయిలోనే ఉందని ఆ పరిశోధకులే రాశారు. పైగా వాళ్ళు బడి వయసు పిల్లలు కూడా కాదు. పొలం ఎండిపోయి ఉంటే ఒక్క తడికే తేడా కనిపిస్తుంది. తడిగా ఉన్న పొలానికి నీళ్ళు పెట్టి పంట పెరగలేదంటే ఎలా?

నులిపురుగుల్లో ఒక రకమైన కొంకి పురుగు ఏం చేస్తుందో ఒకసారి చూడండి. దాని పిల్ల మట్టిలో ఉంటుంది. చెప్పుల్లేని పాదానికి తగిలితే చర్మంలోంచి లోపలికి పోతుంది. రక్తంతో ఊపిరితిత్తులకు చేరి, అక్కణ్ణుంచి గొంతులోకి పాకి, మింగినప్పుడు పేగుల్లోకి దిగుతుంది. అక్కడ గోడను కరిచి పట్టుకుని ఏళ్ళ తరబడి రక్తం పీలుస్తుంది. పాలిపోయిన కనురెప్పలతో, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే పిల్లల్ని నేను వారం వారం చూస్తున్నాను. సగటు లెక్కలో ఆ పిల్ల కనిపించదు. పురుగులు అసలు లేని పదిమంది మధ్యన కలిసిపోతుంది.

ఆ తల్లి ప్రశ్నకు జవాబు: ఒక్కో పిల్లకీ మలపరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు బిళ్ళ ఖర్చుకి ఎన్నో రెట్లు. బిళ్ళేమో ఒక్క మోతాదుకు పెద్దగా ప్రమాదం లేనిది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గీత గీసింది. నూటికి 20 మందికి పైగా పురుగులుంటే ఏడాదికోసారి, 50 దాటితే రెండుసార్లు అందరికీ ఇవ్వమంటుంది.

కిసుము నుంచి:
నేను ఎనిమిదేళ్ళుగా కెన్యాలోని కిసుము నగరంలో ఉంటున్నాను. పని మీద బుసియా వైపు చాలాసార్లు వెళ్ళాను. మీ చర్చలో బుసియా ఒక అంకెలా కనిపిస్తోంది, అందుకే రాస్తున్నాను.

విక్టోరియా సరస్సు ఒడ్డున పొద్దున్నే ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతుంటారు, పిల్లలు మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆడుకుంటుంటారు. ఆ నీళ్ళలోని నత్తల నుంచి వచ్చేది బిల్హార్జియా అనే ఇంకో రకం పురుగుల జబ్బు. దానికి ఆల్బెండజోల్ పనిచేయదు, ప్రాజిక్వాంటెల్ కావాలి. బుసియాలో సరస్సు దగ్గరి బడులకు రెండు మందులూ ఇచ్చారు. మన బడుల్లో వేసేది ఒక్క ఆల్బెండజోలే. కాబట్టి అక్కడి ఫలితం ఇక్కడా అంతే వస్తుందని నేనూ అనను. పైగా 1998 మొదట్లో ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి వాతావరణం మారడం) వర్షాలకు ఆ ప్రాంతమంతా వరదలు. పురుగులు మామూలుకంటే ఎక్కువున్న కాలం అది.

ఇంకో సంగతి. 2001లో కొన్ని బడుల్లో తల్లిదండ్రుల నుంచి కొంచెం డబ్బు తీసుకుని మందు ఇద్దామని చూశారు. ఉచితంగా ఇచ్చినప్పుడు నూటికి 75 మంది దాకా పిల్లలు వేసుకునేవారు. డబ్బు అడిగేసరికి అది 20 కంటే కిందికి పడిపోయింది. చాలా బడుల్లో అడిగింది కుటుంబానికి అరడాలరు కూడా లేదు. ఇక చెప్పులేసుకోండి, సరస్సులో దిగకండి అని బడిలో పాఠాలు కూడా చెప్పారు. పిల్లల అలవాట్లు ఏమీ మారలేదు. మారాలంటే ముందు ఇంట్లో కుళాయి ఉండాలి కదా. నీళ్ళకు వేరే దారి లేని ఇంటి పిల్లకు సరస్సులో దిగొద్దని ఎలా చెబుతాం?

లెక్కలమనిషి:
డాక్టర్ గారూ, పొలం పోలిక ఒప్పుకుంటాను. పురుగులు ఎక్కువున్న చోట మందివ్వొద్దని నేననలేదు.

ఒక విషయంలో నేను కూడా న్యాయంగా ఉండాలి. మిగెల్, క్రెమర్ తమ డేటా మొత్తం బయట పెట్టారు కాబట్టే ఆ తప్పులు దొరికాయి. అలా విప్పి చూపించేవాళ్ళు ఆ రోజుల్లో చాలా తక్కువ. ఆ తర్వాత కూడా వాళ్ళు ఆ పిల్లల్ని వదల్లేదు. మందు ముందుగా అందిన ఆడపిల్లల్లో హైస్కూల్ మెట్టెక్కినవాళ్ళు దాదాపు పావు వంతు ఎక్కువని 2016లో రాశారు. 20 ఏళ్ళ తర్వాత చూస్తే, రెండు మూడేళ్ళు అదనంగా మందు అందినవాళ్ళ ఇంటి ఖర్చు 14 శాతం, గంట సంపాదన 13 శాతం ఎక్కువని 2021లో ప్రకటించారు.

కానీ ఆ అంకెల చుట్టూ ఊగిసలాట చాలా ఉంది. అసలు మేలు అంతకంటే బాగా తక్కువై ఉండొచ్చు. పైగా ఇదంతా మళ్ళీ అదే 75 బడుల నుంచి వచ్చింది. ఇంకో దేశంలో, ఇంకో బృందం ఇన్నేళ్ళు వెంటపడి చూసిన ఫలితం ఒకటి నా ముందు పెట్టండి, నా మాట వెనక్కి తీసుకుంటాను. అందాకా దీన్ని ఆరోగ్య కార్యక్రమం అనండి. చదువుకి మందు అనకండి. బిళ్ళ వేశాం కదా అని టీచర్ పోస్టులు ఖాళీగా ఉంచేవాళ్ళకు అది సాకు అవుతుంది.

పీహెచ్‌సీ డాక్టరమ్మ:
ఆ చివరి మాటతో నాకు పేచీ లేదు. బిళ్ళతో పురుగు పోతుంది, మట్టి మారదు. బహిర్భూమికి బయటికే వెళ్తుంటే కొన్ని నెలల్లో మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే ఏటేటా వేయాల్సి వస్తోంది. అలాగని మరుగుదొడ్లు కట్టేదాకా ఆ పిల్లల రక్తం పోనివ్వమంటే నేను ఒప్పుకోను.

మీరు వేరే దేశం ఫలితం అడిగారు, సరే. నేను అడిగేది ఇంకా చిన్నది. మన మండలంలో ఎంతమంది పిల్లల్లో పురుగులున్నాయో సర్వే చేసి, ఆ అంకె బడి గోడ మీద రాయాలి. 20కి తక్కువుంటే ఆ తల్లి మాటే రైటు.

తమ్మిలేరు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆ తల్లిని కలిశాను. బుసియా గురించి నాకు తెలిసినంత చెప్పాను, మార్కులు పెరగలేదన్నది కూడా దాచలేదు. ఆమె శ్రద్ధగా విని, "మరి మన ఊళ్ళో ఎంతమందికి ఉన్నాయి సార్?" అంది. డాక్టర్ గారూ, సరిగ్గా మీరు అడిగిందే. ఆ అంకె నా దగ్గర లేదు. మండల ఆరోగ్య అధికారికి రాసి అడుగుతానని మాటిచ్చాను, ఉత్తరం ఈ రోజే పంపాను.

మొదటి రోజు తప్పిపోయినవాళ్ళకు మళ్ళీ వేసినప్పుడు పాప బిళ్ళ నమిలింది. వాళ్ళమ్మ ఒప్పుకుంది గానీ ఒక మాట అడిగింది: "బడి మరుగుదొడ్లో నీళ్ళు రావట్లేదని పిల్ల మధ్యాహ్నం దాకా ఆపుకుంటోంది, అది ఎప్పుడు బాగుచేస్తారు?" రెండో ఉత్తరం దాని గురించి రాస్తున్నాను. జవాబులు వస్తే ఇక్కడే పెడతాను.