బ్రౌజర్ నుంచి ప్రింట్ ఇస్తేనే "లోడ్ లెటర్" అంటోంది, ఒక సిస్టమ్‌లో ప్రివ్యూ తిరుగుతూనే ఉంది

ప్రశ్న

ఆఫీసులో ఆరు సిస్టమ్‌లు, అన్నిటికీ కలిపి ఒకే లేజర్ ప్రింటర్. ప్రింటర్ రూటర్‌కి కేబుల్‌తో కలిపి ఉంది. వర్డ్, ఎక్సెల్ నుంచి ఇస్తే శుభ్రంగా వస్తుంది. క్రోమ్‌లో ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తెరిచి కంట్రోల్+పీ కొడితేనే తంటా. రెండు సిస్టమ్‌ల నుంచి ఇస్తే ప్రింటర్ మీద ఆరెంజ్ లైటు మిణుకుతూ "లోడ్ లెటర్" అని వస్తుంది. ట్రే నిండా ఏ4 కాగితమే ఉంది. ఓకే నొక్కితే కదులుతుంది గానీ కుడి పక్క అంకెలు తెగిపోతున్నాయి, చివరి రెండు వరుసలు రెండో కాగితం మీదకి పోతున్నాయి. ఇంకో సిస్టమ్‌లో అసలు ప్రివ్యూనే రాదు, చక్రం తిరుగుతూ ఉంటుంది. డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసి మళ్లీ వేసినా అంతే. ఎక్కడ చూడాలి?

జవాబు

డ్రైవర్ జోలికి ఇక పోకండి. మీరు చెప్పినవి రెండూ వేర్వేరు సమస్యలు, ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు కాగితం సంగతి. వర్డ్ ఫైల్లో పేజీ సైజు ఫైల్‌తో పాటే ఉంటుంది, ఏ4 అని ఉంటే ఏ4గానే వెళ్తుంది. మామూలు వెబ్ పేజీకి అలాంటి సైజు ఉండదు. అందుకని బ్రౌజర్ పోయి డ్రైవర్‌ని అడుగుతుంది: నీ మామూలు కాగితం ఏది అని. డ్రైవర్ "లెటర్" (అమెరికాలో వాడే కాగితం సైజు) అంటే పేజీని ఆ కొలతకే పేరుస్తుంది. లెటర్ 216 × 279 మి.మీ., ఏ4 210 × 297 మి.మీ. అంటే లెటర్ 6 మి.మీ. వెడల్పు ఎక్కువ, 18 మి.మీ. పొడవు తక్కువ. మీకు కుడి పక్క తెగడానికి ఆ 6, చివరి వరుసలు కిందికి జారడానికి ఆ 18 కారణం. ప్రింటర్ మాత్రం నిజమే చెబుతోంది, దానికి వచ్చిన ఆర్డర్ లెటర్ కాగితానికి.

డ్రైవర్‌కి లెటర్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, విండోస్ వేసినప్పుడు రీజియన్ "యునైటెడ్ స్టేట్స్" అని వదిలేసి ఉంటారు. ఆ రెండు సిస్టమ్‌లలో చూడండి. డ్రైవర్ తీసి మళ్లీ వేసినా మారకపోవడం కూడా అందుకే, మళ్లీ అదే రీజియన్ చూసి అదే సైజు పట్టుకుంటుంది.

మార్చాల్సినవి మూడు చోట్ల ఉంటాయి, చాలామంది ఒక్కటే మార్చి వదిలేస్తారు.

క్రోమ్‌లో: కంట్రోల్+పీ, "మోర్ సెట్టింగ్స్", "పేపర్ సైజ్" దగ్గర ఏ4. క్రోమ్ చివరిసారి వాడిన సెట్టింగ్‌లనే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఒకసారి మారిస్తే నిలుస్తుంది. అయితే అదే గుణం వల్ల ఎవరో ఒకరోజు స్కేల్ 70 పెట్టి వెళ్తే మర్నాటి నుంచి అన్నీ బుల్లి అక్షరాలే వస్తాయి, అది కూడా ఒకసారి చూసుకోండి.

విండోస్‌లో: సెట్టింగ్స్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్, మీ ప్రింటర్, "ప్రింటర్ ప్రాపర్టీస్", అందులో "అడ్వాన్స్‌డ్" ట్యాబ్, కింద "ప్రింటింగ్ డిఫాల్ట్స్". అక్కడ ఏ4 పెట్టండి. అందరూ తెరిచేది "ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్", అది ఆ లాగిన్‌లో ఉన్న మనిషికి మాత్రమే. డిఫాల్ట్స్ ఆ సిస్టమ్ వాడే అందరికీ. దీనికి అడ్మిన్ పాస్‌వర్డ్ అడగొచ్చు.

ప్రింటర్ మీదే: ప్యానెల్ మెనూలో ట్రే సైజు ఏ4 అని ఉందో లేదో చూడండి. ట్రేలో నీలం లేదా నల్ల గైడు పట్టీలు కాగితానికి ఆనుకుని ఉండాలి. కొన్ని మోడళ్లు గైడు ఉన్న చోటును బట్టే సైజు లెక్కేస్తాయి.

జవాబు

ప్రివ్యూ తిరిగే సిస్టమ్ గురించి. అదే ప్రివ్యూ కిటికీలో "డెస్టినేషన్" దగ్గర ప్రింటర్ తీసేసి "సేవ్ యాజ్ పీడీఎఫ్" పెట్టండి. వెంటనే పేజీ కనిపించిందా? అయితే బ్రౌజర్ బాగుంది, పోర్టల్ బాగుంది, తప్పు ప్రింటర్‌కి వెళ్లే దారిలో ఉంది. పీడీఎఫ్ పెట్టినా తిరుగుతూనే ఉంటే తప్పు బ్రౌజర్‌ది: ఇన్‌కాగ్నిటో కిటికీలో అదే పేజీ తెరిచి ఇవ్వండి, అక్కడ వస్తే ఏదో ఎక్స్‌టెన్షన్ అడ్డుపడుతున్నట్టు. నన్నడిగితే ఎవరు ఫోన్ చేసి "ప్రింట్ రావట్లేదు" అన్నా మొదటి ప్రశ్న ఇదే ఉండాలి. పది నిమిషాల వెతుకులాట అరనిమిషంలో తేలుతుంది.

మీ విషయంలో పీడీఎఫ్ వస్తుందనే నా అంచనా. ప్రివ్యూ చూపేముందు క్రోమ్ ప్రింటర్‌ని దాని కాగితం సైజులు, ట్రేలు ఏమిటని అడుగుతుంది. ప్రింటర్ ఆ చిరునామాలో లేకపోతే జవాబు రాదు, చక్రం తిరుగుతుంది. ఇంకో పరీక్ష: కంట్రోల్+షిఫ్ట్+పీ కొట్టండి, విండోస్ సొంత ప్రింట్ డైలాగ్ వస్తుంది, క్రోమ్ ప్రివ్యూ మధ్యలో ఉండదు. అందులోనూ ప్రింటర్ "ఆఫ్‌లైన్" అని ఉంటే ఖాయం.

ప్రింటర్ ప్రాపర్టీస్‌లో "పోర్ట్స్" ట్యాబ్ తెరవండి, ప్రింటర్‌కి వెళ్లే దారి అందులో ఉంటుంది. టిక్ ఉన్న వరుసలో "డబ్ల్యూఎస్‌డీ" అని మొదలైందా చెప్పండి.

అడిగినవారు

పీడీఎఫ్ వెంటనే వచ్చిందండీ. పోర్ట్ డబ్ల్యూఎస్‌డీ అనే ఉంది. మిగతా ఐదింట్లో ఐపీ నంబరు కనిపిస్తోంది.

జవాబు

దొరికింది. డబ్ల్యూఎస్‌డీ పోర్ట్ ఐపీ నంబరు (నెట్‌వర్క్‌లో ప్రింటర్ చిరునామా) పట్టుకోదు, ప్రింటర్ ఎక్కడుందో నెట్‌వర్క్‌లో ప్రతిసారీ వెతుక్కుంటుంది. ప్రింటర్ నిద్రలోకి వెళ్లినా, రూటర్ మధ్యలో మారినా దొరక్కపోవచ్చు. ఇలా మార్చండి:

ప్రింటర్ ప్యానెల్ నుంచి కాన్ఫిగరేషన్ పేజీ తీయండి, అందులో ఐపీ, మ్యాక్ అడ్రస్ (ప్రింటర్‌కి ఫ్యాక్టరీలోనే వేసిన నంబరు) రెండూ ఉంటాయి. రూటర్ లాగిన్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (రూటర్ ఎవరికి ఏ ఐపీ ఇవ్వాలో రాసిపెట్టే చోటు) దగ్గర ఆ మ్యాక్‌కి ఆ ఐపీనే కట్టేయండి. ఈ పని చేయకపోతే మిగతాదంతా కరెంటు పోయి వచ్చేదాకే. తర్వాత ఆ సిస్టమ్‌లో అదే పోర్ట్స్ ట్యాబ్‌లో "యాడ్ పోర్ట్", "స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్", "న్యూ పోర్ట్", ఐపీ కొట్టండి. ప్రోటోకాల్ "రా", పోర్ట్ 9100 అని దానంతటదే వస్తుంది, ముట్టుకోవద్దు. ప్రింటర్ పని చేస్తూనే ఆఫ్‌లైన్ అని చూపిస్తుంటే "కాన్ఫిగర్ పోర్ట్"లో "ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్" దగ్గర టిక్ తీసేయండి.

ఈ రెండ్రోజులుగా ఇచ్చిన ప్రింట్లు క్యూలో ఇరుక్కుని ఉంటాయి. పోర్ట్ మార్చగానే ముప్పై బిల్లులు ఒక్కసారి ఊడిపడతాయి, కాగితం వృథా. ముందే ఖాళీ చేయండి: సర్వీసెస్‌లో "ప్రింట్ స్పూలర్" (ప్రింట్లను క్యూలో పెట్టే సర్వీసు) ఆపి, సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్ తెరిచి అందులోని ఫైళ్లు మాత్రం తీసేయాలి, ఫోల్డర్‌ని కాదు. ఒక్కో ప్రింట్‌కి ఎస్‌పీఎల్, ఎస్‌హెచ్‌డీ అని రెండు ఫైళ్లుంటాయి, రెండూ పోవాలి. తర్వాత స్పూలర్ మళ్లీ మొదలుపెట్టండి.

మరొకరు

ఈ-వే బిల్లు పైన తేదీ, కింద వెబ్ అడ్రస్ రాకుండా చేయడం ఎలా? క్యూఆర్ కోడ్ కూడా ఒకోసారి సరిగా స్కాన్ అవదు.

జవాబు

"మోర్ సెట్టింగ్స్"లో "హెడర్స్ అండ్ ఫుటర్స్" టిక్ తీసేయండి, పోతాయి. పాత పోర్టళ్లు ఎడ్జ్‌లో ఐఈ (పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్‌లో తెరుస్తుంటే ఈ టిక్ పనిచేయదు, అక్కడ "పేజ్ సెటప్" వేరు. అందులో హెడర్, ఫుటర్ గడులన్నీ "ఎంప్టీ" చేయాలి.

క్యూఆర్ అయితే డ్రైవర్‌లో టోనర్ సేవ్ ఆన్ ఉందేమో చూడండి. నలుపు బూడిద రంగులోకి దిగితే స్కానర్ చదవదు. లోగోలు, గడుల వెనక రంగు రాకపోతే అది వేరే విషయం: "బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్" టిక్ మామూలుగా తీసే ఉంటుంది, పెట్టుకోండి.

మరొకరు

మాకు తెలుగు పీడీఎఫ్‌లతో బాధ. స్క్రీన్ మీద బాగుంటుంది, కాగితం మీద "రిజిస్ట్రేషన్"లో "స్ట్ర" కింద ఉండాల్సిన రెండు ఒత్తులూ విడిపోయి పక్కన నిలబడుతున్నాయి.

జవాబు

స్క్రీన్ మీద సరిగా ఉండి కాగితం మీదే చెదిరితే అది ఫాంట్ లేకపోవడం కాదు. డ్రైవర్ అక్షరాలను ప్రింటర్‌కి పంపేటప్పుడు చెడగొడుతోంది. పీడీఎఫ్ దింపుకుని అడోబ్ రీడర్‌లో తెరిచి, ప్రింట్ కిటికీలో "అడ్వాన్స్‌డ్", "ప్రింట్ యాజ్ ఇమేజ్" టిక్ పెట్టి ఇవ్వండి. అప్పుడు అక్షరాలుగా కాక బొమ్మగా వెళ్తుంది, ఒత్తు కదలడానికి వీలుండదు. కొంచెం ఆలస్యంగా వస్తుంది, అంతే. రోజూ ఇదే పని అయితే డ్రైవర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ట్రూటైప్‌ని (ఫాంట్ అక్షరాలని) బిట్‌మ్యాప్‌గా (బొమ్మగా) పంపే ఆప్షన్ ఉందేమో చూడండి. హెచ్‌పీ పీసీఎల్ 6 డ్రైవర్లలో ఉంటుంది. లేదా అదే మోడల్‌కి పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్ (పేజీని ప్రింటర్‌కి వేరే పద్ధతిలో పంపేది) ఉంటే రెండో ప్రింటర్‌గా వేసి తేడా చూడండి.

స్క్రీన్ మీదే డబ్బాలు కనిపిస్తే మాత్రం ఫాంట్ సంగతే. విండోస్ 10లో తెలుగుకి నిర్మలా యూఐ ఉంటుంది. పాత పేజీలు అడిగే గౌతమి, వాణి "తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్" అనే ఆప్షనల్ ఫీచర్‌లో వేసుకోవాలి.

మరొకరు

యూఎస్‌బీ ప్రింటర్ ఒక సిస్టమ్‌కి పెట్టి షేర్ చేశాం. రెండో సిస్టమ్‌లో కలుపుతుంటే చివర 11బీ అని ఉండే ఎర్రర్.

జవాబు

2021 సెప్టెంబర్ విండోస్ అప్‌డేట్‌తో మొదలైంది అది. షేర్ చేసిన ప్రింటర్‌కి భద్రత పెంచారు, ఒక సిస్టమ్ అప్‌డేట్ అయి రెండోది కాకపోతే ఇలా తంతుంది. రెండింటికీ అన్ని అప్‌డేట్‌లూ వేసి చూడండి. రిజిస్ట్రీలో విలువ సున్నా చేయమని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి, పని అవుతుంది గానీ పెట్టిన తాళం మనమే తీసినట్టు. దానికన్నా రెండో సిస్టమ్‌లో ప్రింటర్‌ని మాన్యువల్‌గా, "లోకల్ పోర్ట్" కొత్తది చేసి, పోర్ట్ పేరు దగ్గర \\సిస్టమ్ పేరు\షేర్ పేరు కొట్టి, డ్రైవర్ మీరే ఎంచుకుని వేయండి.

అడిగినవారు

పోర్ట్ మార్చాం, ప్రివ్యూ వెంటనే వస్తోంది. డిఫాల్ట్స్‌లో ఏ4 పెట్టాక ఒక సిస్టమ్ బాగైంది. రెండోదానిలో అకౌంట్స్ లాగిన్‌లో మాత్రం ఇంకా లెటరే.

జవాబు

ఆ లాగిన్‌లో ఎప్పుడో ప్రిఫరెన్సెస్ తెరిచి ఓకే కొట్టి ఉంటారు. అలా ఒకసారి సేవ్ అయితే డిఫాల్ట్స్ దాన్ని మార్చలేవు. అదే లాగిన్‌తో కూర్చుని ప్రిఫరెన్సెస్‌లో ఏ4 పెట్టి అప్లై కొట్టండి. తర్వాత క్రోమ్ కిటికీలన్నీ మూసి మళ్లీ తెరిచి, పేపర్ సైజ్ ఒకసారి చేత్తో ఏ4 పెట్టి ఒక ప్రింట్ తీయండి.

అడిగినవారు

వచ్చిందండీ, ఒకే కాగితం మీద, అంకెలన్నీ ఉన్నాయి.