రోడ్డు మీద నడిపే జీటీ-ఆర్‌కు ఏ జంట టర్బోలు తగినవి?

చర్చ ప్రారంభించినవారు:

నా దగ్గర నిస్సాన్ ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్ కారు ఉంది. అందులోని 2.6 లీటర్ల ఆర్‌బీ26 ఇంజన్‌కు కంపెనీ బిగించిన రెండు టర్బోలే (ఎగ్జాస్ట్ వాయువుతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నెట్టేవి) ఇప్పటికీ ఉన్నాయి. వాటి టర్బైన్ చక్రాలు పెళుసైన సిరామిక్‌వి కావడంతో బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి) 1 బార్ దాటించడానికి ధైర్యం చాలడం లేదు. ట్రాక్‌కు వెళ్లేది ఏడాదికి రెండు మూడు సార్లే, మిగతాదంతా రోడ్డు మీదే. ఇంజన్ వద్ద 500 హార్స్‌పవర్ వస్తే నాకు చాలు. గారెట్ జీటీ2860 శ్రేణిలో చిన్నవైన డ్యాష్ 9 తీసుకోవాలా, ముందుముందు పనికొస్తాయని పెద్దవైన డ్యాష్ 5 తీసుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

మొదటి సభ్యుడు:

ఆ రెండూ వద్దనే నేను చెబుతాను. ట్విన్ స్క్రోల్ హౌసింగ్ (ఎగ్జాస్ట్ వాయువుకు రెండు విడి దారులున్న గూడు) ఉన్న కొత్త తరం టర్బో ఒక్కటి పెట్టండి. ముందు మూడు సిలిండర్లను, వెనుక మూడు సిలిండర్లను విడివిడిగా ఉంచే మ్యానిఫోల్డ్ (ఎగ్జాస్ట్ వాయువును టర్బోకు చేర్చే గొట్టాల జత) ఉంటే, జంట టర్బోల్లో లాగే ఇక్కడ కూడా ఎగ్జాస్ట్ పల్సులు ఒకదానికొకటి అడ్డు రావు. పైగా చక్రం చిన్నదయ్యే కొద్దీ, రెక్కల అంచుకూ హౌసింగ్‌కూ మధ్య ఖాళీ దాని పరిమాణంతో పోలిస్తే ఎక్కువై, సామర్థ్యం తగ్గుతుంది. జంట టర్బోల్లో వెనుకదాని కింద, చెయ్యి సరిగా దూరని చోట, ఆయిల్ డ్రెయిన్ గాస్కెట్ ఒకసారి కారితే ఎంత పని పడుతుందో మార్చినవారికే తెలుసు.

రెండవ సభ్యుడు:

పై సభ్యుడు చెప్పిన ఇంజనీరింగ్‌తో నాకు పేచీ లేదు. కొత్తగా కడుతున్న 700 హార్స్‌పవర్ ఇంజన్ అయితే నేనూ ఒకే టర్బో అనేవాణ్ణి. కానీ ఇక్కడ అడిగింది 500 గురించి, అదీ రోడ్డు మీద. పాత మ్యానిఫోల్డ్‌లకే బిగిసే జత అందుబాటులో ఉండగా మ్యానిఫోల్డ్, డౌన్‌పైప్, ఇంటేక్ పైపులు, బయటి వేస్ట్‌గేట్ (బూస్ట్ మితిమీరకుండా ఎగ్జాస్ట్ వాయువును పక్కకు మళ్లించే కవాటం) అన్నీ మార్చడం నాకు సబబుగా తోచదు.

ముందు ఎంత గాలి కావాలో లెక్క వేసుకోవాలి. 2.6 లీటర్ల ఇంజన్ 7,000 ఆర్‌పీఎం వద్ద, సిలిండర్లు 95 శాతం నిండుతాయనుకుంటే, నిమిషానికి దాదాపు 8,500 లీటర్ల గాలిని మింగుతుంది. 1.4 బార్ బూస్ట్‌తో, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాటాక 40 డిగ్రీల వేడిలో ఉన్న ఆ గాలి బరువు సుమారు 23 కిలోలు, అంటే 50 పౌన్లు. నిమిషానికి ఒక పౌను గాలికి 10 హార్స్‌పవర్ అన్నది అందరూ వాడే అంచనా కనుక, మీ 500 అక్కడే వచ్చింది. ఒక్కో టర్బో వంతు 25 పౌన్లు, ప్రెషర్ రేషియో (టర్బో దాటాక ఉన్న గాలి ఒత్తిడికీ ముందున్న ఒత్తిడికీ నిష్పత్తి) దాదాపు 2.4. ఈ బిందువును కంప్రెసర్ మ్యాప్ (ఏ ఒత్తిడి వద్ద టర్బో ఎంత గాలి ఇవ్వగలదో చూపే పటం) మీద పెట్టి చూస్తే డ్యాష్ 9కు అది అందే దూరంలోనే ఉంటుంది. డ్యాష్ 5లో మిగిలే అదనపు సామర్థ్యాన్ని మీరు వాడుకోరు, కానీ దాని బరువును మాత్రం ప్రతి మలుపు తర్వాతా మోస్తారు. ఒకే ఆకారం ఉన్న చక్రం వ్యాసం 10 శాతం పెరిగితే జడత్వ భ్రామకం (వేగం అందుకోకుండా చక్రం చూపే మొండితనం) 60 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వ్యాసపు ఐదవ ఘాతాన్ని అనుసరిస్తుంది.

నా కారులో మొదట డ్యాష్ 5 జతే ఉండేది. 1 బార్ బూస్ట్ 4,400 ఆర్‌పీఎం దాటితే గానీ వచ్చేది కాదు, మూడో గేరులో ముందున్న లారీని దాటాలంటే రెండో గేరుకు దిగాల్సి వచ్చేది. డ్యాష్ 9కు మారాక అదే బూస్ట్ 3,900 దగ్గర వస్తోంది. పై చివర కొంత శక్తి తగ్గింది నిజమే, ఆ లోటు రోడ్డు మీద నాకు ఒక్కసారీ తెలియలేదు.

మూడవ సభ్యుడు:

500 దగ్గర ఆగినవారిని నేను చూడలేదు. రేపు 600 కావాలనిపిస్తే మళ్లీ అంతా విప్పాలి. చిన్న టర్బైన్ వల్ల పై ఆర్‌పీఎంలో మ్యానిఫోల్డ్‌లో వెనుక ఒత్తిడి పెరిగి, వాడిన వాయువు సిలిండర్లోనే మిగిలిపోతుందని, దానివల్ల నాకింగ్ (ఇంధనం అదుపు లేకుండా మండిపోవడం) ముందే మొదలవుతుందని కూడా గమనించాలి.

రెండవ సభ్యుడు:

వెనుక ఒత్తిడి మాట ముమ్మాటికీ నిజం. అందుకే 1.4 బార్‌ను 7,500 దాకా లాగకుండా చివర్లో కొద్దిగా తగ్గించాలి. 600 కావాలంటే మాత్రం టర్బోలతో పని ముగియదు. తొలినాళ్ల ఆర్32 ఇంజన్లలో ఆయిల్ పంపును తిప్పే క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) కాలర్ సన్నగా ఉంటుంది, దాన్ని సరిచేయకుండా అంత శక్తి అడగడం ప్రమాదం. కంపెనీ ఇచ్చిన 444 సీసీ ఇంజెక్టర్లు (ఇంధనాన్ని చిమ్మేవి) 500కే చాలవు.

ఏ జత కొన్నా రెండు వేస్ట్‌గేట్లను ఒకేలా అమర్చడం మరవకండి. నా పాత జతను విప్పినప్పుడు చేతి పంపుతో వేస్ట్‌గేట్‌ను తెరిచే ఒక్కో యాక్యుయేటర్‌కు గాలి కొట్టి, ఫ్లాప్ మీటకు డయల్ గేజ్ ఆనించి చూశాను. ముందుది 0.7 బార్ వద్ద కదిలితే, వెనుకది 0.55కే తెరుచుకుంటోంది. కడ్డీ మీది నట్టును రెండు చుట్లు తిప్పితే సరిపోయింది. అన్నాళ్లూ ఒక టర్బో తన వంతుకు మించి తిరిగిందన్నమాట. కంప్రెసర్లు రెండూ ఒకే పైపులో కలిసే చోట మధ్య గోడను కొంచెం పొడిగిస్తే, ఒకటి రెండోదాన్ని వెనక్కి నెట్టే సర్జ్ కూడా తగ్గుతుంది. బాల్ బేరింగ్ టర్బోలకు ఆయిల్ దారిలో దాదాపు 1 మిల్లీమీటరు రంధ్రమున్న రెస్ట్రిక్టర్ (ఆయిల్ ప్రవాహాన్ని తగ్గించే బిరడా) తప్పనిసరి.

చర్చ ప్రారంభించినవారు:

డ్యాష్ 9 తీసుకుంటున్నాను. ముందుగా సంప్ (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దించి, ఆయిల్ పంపు విప్పి, నా క్రాంక్‌కు ఏ కాలర్ ఉందో చూసుకుంటాను. సన్నదైతే టర్బోల డబ్బు మొదట అక్కడికే వెళుతుంది.