రొయ్య తలల డైజెషన్‌లో తెల్లటి పొర పోవట్లేదు

నెల్లూరులో రొయ్యలు పరీక్షించే చిన్న ల్యాబ్ మాది. వాటిలో సీసం, కాడ్మియం ఎంత ఉన్నాయో చూడాలి, అందుకు ముందు శాంపిల్‌ని యాసిడ్‌లో వేడిచేసి పూర్తిగా కరిగించాలి (ఇదే డైజెషన్). తలతో సహా ఎండబెట్టి పొడి చేసిన రొయ్య 0.5 గ్రాములు, 65 శాతం నైట్రిక్ యాసిడ్ 8 మిల్లీలీటర్లు, హాట్‌ప్లేట్ మీద 120 డిగ్రీల దగ్గర 3 గంటలు. గోధుమ పొగ ఆగుతోంది, ద్రావణం లేత పసుపుకి వస్తోంది. చల్లారగానే మాత్రం పైన మైనంలా తెల్లటి పొర కట్టి బీకరు గోడకి అంటుకుంటోంది. ఒలిచిన కండతో చేస్తే ఈ గొడవే లేదు, అందుకే తలలోని కొవ్వే అనుకుంటున్నాను.

రాత్రంతా యాసిడ్‌లో నానబెట్టి చూశాను. చల్లార్చి 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 2 మిల్లీలీటర్లు వేస్తే నురగ పొంగి సగం శాంపిల్ ప్లేటు పాలైంది. వడకడితే స్పైక్ చేసిన (సరిచూసుకోడానికి తెలిసిన మోతాదులో ముందే కలిపిన) సీసం 72 శాతమే తిరిగొస్తోంది. బ్లాంక్ (రొయ్య పొడి వేయకుండా యాసిడ్‌తోనే చేసినది) శుభ్రంగానే ఉంది. మైక్రోవేవ్ డైజెస్టర్ లేదు. పర్‌క్లోరిక్ యాసిడ్ జోలికి వెళ్లను, దానికి తగిన, పొగలు బయటికి లాగే హుడ్ మా దగ్గర లేదు.

హాట్‌ప్లేట్ మీదే ఈ పొర రాకుండా డైజెషన్ పూర్తి కావాలంటే ఏ దశలో ఏం మార్చాలి?